నలభై ఫర్మ్‌వేర్ కమాండ్లకు ఒక్క ఐఆక్టల్ చాలా?

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో ఒక చిన్న హార్డ్‌వేర్ కంపెనీ. పీసీఐ ఎక్స్‌ప్రెస్ నెట్‌వర్క్ కార్డు తయారు చేస్తున్నాం. లైనక్స్ డ్రైవర్ రాసే టీమ్‌లో నలుగురం ఉన్నాం. ప్యాకెట్లు పంపడం, అందుకోవడం బాగానే నడుస్తోంది. ఇవి కాక కార్డు ఫర్మ్‌వేర్‌కు (కార్డులోనే నడిచే సాఫ్ట్‌వేర్) ఇంకో 40 కమాండ్లు ఉన్నాయి: టెంపరేచర్, ఫర్మ్‌వేర్ అప్‌డేట్, క్రాష్ డంప్, పోర్టు సెట్టింగులు, ఫ్యాక్టరీ డీబగ్ వగైరా. ఒక క్యారెక్టర్ డివైస్ (ప్రోగ్రాములు తెరిచే డివైస్ ఫైలు) పెట్టి, ఒకే ఐఆక్టల్‌తో (ఆ ఫైలు ద్వారా డ్రైవర్‌కు ఆదేశం పంపే కాల్) యూజర్ ఇచ్చిన బఫర్‌ను ఉన్నదున్నట్టు ఫర్మ్‌వేర్‌కు పంపేయమని, మిగతాది మన టూల్ చూసుకుంటుందని మా మేనేజర్ గారు అంటున్నారు. అలా చేస్తే డ్రైవర్ మెయిన్‌లైన్‌లోకి (అసలు లైనక్స్ కెర్నల్‌లోకి) వెళ్లదని టీమ్‌లో సీనియర్ ఒకాయన అంటున్నారు. రెండు నెలల్లో కస్టమర్ చేతిలో పెట్టాలి. ఏం చేయమంటారు?

సమాధానం: మీ సీనియర్ చెప్పింది నిజం. ఆ డిజైన్‌తో నెట్‌వర్క్ డ్రైవర్‌ను పంపితే మొదటి రివ్యూలోనే వెనక్కొస్తుంది. అలాగని మీ మేనేజర్ గారి ఆలోచనను పూర్తిగా కొట్టిపారేయక్కర్లేదు. 2025లో వచ్చిన 6.15 కెర్నల్ నుంచి అలాంటి కమాండ్లలో కొన్నిటికి ఒక చోటు ఏర్పడింది, దాని సంగతి కింద చెబుతాం. ముందుగా ఒక్క మాట. సొంత ఇంటర్‌ఫేస్ ఉండాలా వద్దా అని డ్రైవర్ మొత్తానికి కలిపి ఒకేసారి తేల్చకండి. నలభై కమాండ్లున్నాయి కాబట్టి ఆ ప్రశ్న నలభై సార్లు వేసుకోండి. అప్పుడు నిజంగా మీకే చెందినవి చాలా కొద్దిగా మిగులుతాయి. గొడవ ఏదైనా ఉంటే వాటి మీదే.

ఇంత పట్టింపు ఎందుకంటే, లైనక్స్‌లో లోపలి లెక్క వేరు, బయటి లెక్క వేరు. కెర్నల్ లోపలి ఫంక్షన్లు, స్ట్రక్చర్లు ఏ విడుదలలోనైనా మారిపోతాయి, బయట డ్రైవర్ పెట్టుకున్నవాళ్లను ఎవరూ అడగరు. యూజర్ ప్రోగ్రాములకు కనిపించే వైపు మాత్రం మారకూడదు. నిన్న నడిచిన ప్రోగ్రామ్ కొత్త కెర్నల్ మీద నడవకపోతే తప్పు కెర్నల్‌దేనన్నది లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఏళ్ల తరబడి పట్టుబడుతున్న నియమం. అలా చెడగొట్టిన ప్యాచ్‌ను వెనక్కి తీసేస్తారు. కాబట్టి మీ ఐఆక్టల్ నంబరు, దాని స్ట్రక్చర్‌లో ఏ బైటు ఎక్కడుంది, సిస్‌ఎఫ్‌ఎస్‌లో (డివైస్ సెట్టింగులను ఫైళ్లుగా చూపించే చోటు) ఫైలు పేరు, అందులోని అంకె ఏ యూనిట్లలో ఉంది, ఇవన్నీ ఒకసారి విడుదలలోకి వెళ్లాయంటే ఇక మీ చేతిలో ఉండవు. రేపు మీ కంపెనీ ఆ కార్డు ఆపేసినా, మీ నలుగురూ వేరే ఉద్యోగాలకు వెళ్లిపోయినా ఆ బరువు మెయింటైనర్ల (కెర్నల్‌లో ఆ భాగాన్ని చూసుకునేవాళ్ల) నెత్తిన ఉంటుంది. రివ్యూలో వాళ్లు అంత గట్టిగా నిలదీసేది అందుకే.

ఎవరికి వారు పేర్లు పెట్టుకుంటే ఏమవుతుందో చూడాలంటే లాప్‌టాప్ బ్యాటరీ చాలు. ఛార్జింగ్‌ను మధ్యలోనే ఆపి బ్యాటరీ ఆయుష్షు పెంచే సదుపాయం చాలా కంపెనీల లాప్‌టాప్‌లలో ఉంది. ఎల్‌జీ డ్రైవర్‌లో అది 'బ్యాటరీ కేర్ లిమిట్' అనే ఫైలు. అందులో 80 గానీ 100 గానీ రాయాలి. శామ్‌సంగ్ డ్రైవర్‌లో 'బ్యాటరీ లైఫ్ ఎక్స్‌టెండర్', అక్కడ 0 లేదా 1. లెనోవో ఐడియాప్యాడ్‌లో 'కన్సర్వేషన్ మోడ్', అదీ 0 లేదా 1, ఎంత శాతం దగ్గర ఆగాలో ఫర్మ్‌వేర్ ఇష్టం. అదే లెనోవో థింక్‌ప్యాడ్‌లో ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ ఆగాలి అని శాతాల్లో రెండు ఫైళ్లు. పని ఒక్కటే, ఊరికో పేరు, అంకెకో అర్థం. పవర్ ఆదా చేసే టీఎల్‌పీ టూల్ వీటికోసం కంపెనీకొక స్క్రిప్టు మోయాల్సి వచ్చింది. తర్వాత కెర్నల్‌లోని పవర్ సప్లై క్లాస్‌లో 'ఛార్జ్ కంట్రోల్ ఎండ్ థ్రెషోల్డ్' అని అందరికీ ఒకే పేరు వచ్చింది. అలా ఒక ఉమ్మడి పేరు ఉండబట్టే 2025 మార్చిలో వచ్చిన గ్నోమ్ 48 డెస్క్‌టాప్ తన సెట్టింగుల్లో దీనికి ఒక స్విచ్ పెట్టగలిగింది. పాత పేర్లు మాత్రం అంత తేలిగ్గా పోవు, ఎందుకంటే ఎవరి స్క్రిప్టులో ఏ పేరు ఉందో ఎవరికీ తెలియదు. థింక్‌ప్యాడ్ డ్రైవర్ తన మొదటి పేర్లను కొత్తవాటి పక్కనే మోస్తోంది.

వైఫైలో ఇంకా అన్యాయం జరిగింది. వైఫై సెట్టింగుల పాత ఇంటర్‌ఫేస్ అయిన వైర్‌లెస్ ఎక్స్‌టెన్షన్స్‌లో డ్రైవర్ల సొంత అవసరాలకని 32 ఐఆక్టల్ నంబర్లు వదిలేశారు. ఒకే నంబరుకు ఒక డ్రైవర్‌లో ఒక అర్థం, ఇంకో డ్రైవర్‌లో మరో అర్థం. ఐడబ్ల్యూప్రివ్ టూల్ డ్రైవర్‌ను అడిగి పేర్లు తెచ్చుకునేదే గానీ వాటి అర్థం దానికి తెలియదు. మామూలు నెట్‌వర్క్ డివైస్‌లకు కూడా అలాంటి ప్రైవేట్ నంబర్లు 16 ఉన్నాయి. కొత్త డ్రైవర్‌లో వాటి జోలికి వెళ్లకండి. 64 బిట్ కెర్నల్ మీద 32 బిట్ ప్రోగ్రామ్ నడిచేటప్పుడు స్ట్రక్చర్‌ను మధ్యలో మార్చి ఇవ్వాలి కదా, అసలు అందులో ఏముందో తెలియనప్పుడు కెర్నల్ ఏం మారుస్తుంది? ఆ చిక్కు వల్లే 2021లో 5.15 కెర్నల్‌లో ఆ నంబర్లను మిగతా ఐఆక్టల్‌ల నుంచి విడదీసి వేరే దారిలో పెట్టారు.

ఇక మీ నలభై దగ్గరికి వద్దాం. ఒక కాగితం మీద కమాండ్లన్నీ వరసగా రాసి, ప్రతిదాని ఎదురుగా 'ఈ పని వేరే కంపెనీ కార్డు కూడా చేస్తుందా' అని రాయండి. 'చేస్తుంది' అని వచ్చిన ప్రతిదానికీ కెర్నల్‌లో ఇప్పటికే ఇల్లు ఉండే అవకాశం చాలా ఎక్కువ.

టెంపరేచర్, వోల్టేజ్, పవర్ చదివేవి హెచ్‌డబ్ల్యూమాన్‌కు (కెర్నల్‌లో సెన్సర్ల ఇంటర్‌ఫేస్) వెళ్లాలి. టెంపరేచర్ మిల్లీ డిగ్రీల్లో ఇవ్వాలి, అంటే 47.5 డిగ్రీలుంటే ఫైల్లో 47500 కనిపించాలి. పవర్ అయితే మైక్రోవాట్లలో. ఇది చాలామంది తప్పే చోటు. ఫర్మ్‌వేర్ ఇచ్చిన అంకెను అలాగే వదిలేస్తే 'సెన్సర్స్' కమాండ్ 47 డిగ్రీలకు బదులు సున్నా చూపిస్తుంది. రిజిస్టర్ చేసే పేరులో హైఫన్ గానీ ఖాళీ గానీ ఉండకూడదు. ఇంత చేస్తే మీరు ఒక్క టూల్ కూడా రాయకుండానే కస్టమర్ దగ్గరున్న మానిటరింగ్ మొత్తానికి మీ కార్డు కనిపిస్తుంది.

ఫర్మ్‌వేర్ అప్‌డేట్ డెవ్‌లింక్ (కార్డు మొత్తాన్ని నిర్వహించే కెర్నల్ ఇంటర్‌ఫేస్, దాని టూల్ పేరూ అదే) పని. 'డెవ్‌లింక్ డెవ్ ఫ్లాష్' అని పీసీఐ అడ్రస్, ఫైలు పేరు ఇస్తే కెర్నల్ ఆ ఫైలును ఫర్మ్‌వేర్ డైరెక్టరీ నుంచి తెచ్చి మీ డ్రైవర్ చేతిలో పెడుతుంది. అప్‌డేట్ అయ్యాక 'డెవ్‌లింక్ డెవ్ ఇన్ఫో'లో నడుస్తున్న వెర్షన్, ఫ్లాష్‌లో దాచిన వెర్షన్ రెండూ విడివిడిగా చూపించండి. ఒక్కటే చూపిస్తే, రీసెట్ చేయకుండానే అప్‌డేట్ అయిపోయిందనుకుని ఫీల్డ్ ఇంజినీరు వెళ్లిపోతాడు. ఫ్లాష్‌లో శాశ్వతంగా ఉండే సెట్టింగులకు డెవ్‌లింక్ పారామీటర్లున్నాయి. అవి మూడు రకాలు: వెంటనే అమలయ్యేవి, డ్రైవర్ మళ్లీ మొదలైతే అమలయ్యేవి, ఫ్లాష్‌లో నిలిచిపోయేవి. ఉమ్మడి పేర్ల పట్టికలో మీకు కావలసింది లేకపోతే డ్రైవర్ సొంత పారామీటర్ కూడా పెట్టుకోవచ్చు, కాకపోతే దాన్ని కెర్నల్ డాక్యుమెంటేషన్‌లో మీ డ్రైవర్ పేజీలో వివరించాలి. గమనించండి, ఇది కూడా కంపెనీ సొంత ఇంటర్‌ఫేసే. అయినా ఒప్పుకుంటారు, ఎందుకంటే పేరు, రకం, విలువ బయటికి కనిపిస్తున్నాయి. మాడ్యూల్ పారామీటర్‌గా (డ్రైవర్‌ను లోడ్ చేసేటప్పుడు ఇచ్చే విలువ) పెడితే మాత్రం నెట్‌వర్క్ మెయింటైనర్లు ఒప్పుకోరు.

క్రాష్ డంప్‌కు డెవ్‌లింక్ హెల్త్ రిపోర్టర్ ఉంది, లేదంటే డెవ్‌కోర్‌డంప్ (డంప్‌ను ఫైలుగా అందించే కెర్నల్ సదుపాయం). రెండోది వాడితే ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. డంప్‌ను ఎవరూ తీసుకోకపోతే మామూలుగా 5 నిమిషాలకు కెర్నల్ దాన్ని పారేస్తుంది. కాబట్టి డంప్ రాగానే కాపీ చేసుకునే యూడెవ్ (డివైస్ ఈవెంట్లను గమనించే ప్రోగ్రామ్) రూల్ ఒకటి మీ ప్యాకేజీలో ఉండాలి. పోర్టు లైటు మెరిపించడం, ఎఫ్ఈసీ (లింకులో వచ్చే తప్పులను దిద్దే పద్ధతి), ఆప్టికల్ మాడ్యూల్ వివరాలు, రింగ్ సైజులు, కౌంటర్లు అన్నీ నెట్‌వర్క్ కార్డు సెట్టింగులు చూసే ఈథ్‌టూల్‌వే. టైమ్‌స్టాంప్ గడియారం పీటీపీ (నెట్‌వర్క్ మీద గడియారాలను కలిపే పద్ధతి) డివైస్ అవుతుంది. వర్చువల్ ఫంక్షన్ల (ఒకే కార్డును పలు కార్డులుగా చూపించేవి) సంఖ్యకు పీసీఐలో ఫైలు ఉండనే ఉంది.

ఇక్కడికే మీ నలభైలో సగానికి పైగా తీరిపోతాయని మా అంచనా. తర్వాత ఇప్పుడు ఇల్లు లేకపోయినా ఉండాల్సినవి కొన్ని బయటపడతాయి: పోటీ కంపెనీల కార్డుల్లోనూ అదే పని ఉంది, ఎవరూ ఇంకా ఉమ్మడి పేరు పెట్టలేదు, అంతే. వాటికి ఉమ్మడి ఇంటర్‌ఫేస్‌ను మీరే ప్రతిపాదించండి. మొదట వచ్చినవాడి అర్థమే నిలుస్తుంది కాబట్టి నిజానికి మీకే మేలు. అయితే ఒక్క డ్రైవర్‌ను చూసి గీసిన ఉమ్మడి ఇంటర్‌ఫేస్ పేరుకే ఉమ్మడిగా ఉంటుంది. కనీసం ఇంకో కంపెనీ కార్డు దాన్ని ఎలా వాడుకుంటుందో ప్యాచ్ వివరణలో రాయగలిగితేనే పంపండి. దీనికి సమయం పడుతుంది, రెండు నెలల గడువులో దీన్ని కలపకండి.

కంపెనీ సొంత ఇంటర్‌ఫేస్ అంటేనే తప్పు అనే మాట కూడా సరికాదు. గ్రాఫిక్స్‌ను చూడండి. డీఆర్ఎం సబ్‌సిస్టమ్‌లో ప్రతి డ్రైవర్‌కూ సొంతంగా 96 ఐఆక్టల్ నంబర్ల జాగా కేటాయించి ఉంది. ఒక జీపీయూకు పని అప్పగించే పద్ధతి ఇంకో జీపీయూకు సరిపోదు, బలవంతంగా ఒకటి చేస్తే రెండూ పాడవుతాయి. అందుకని ఉమ్మడి ముఖాన్ని కెర్నల్‌లో కాకుండా పైన మెసా అనే గ్రాఫిక్స్ లైబ్రరీలో, ఓపెన్‌జీఎల్, వల్కన్ రూపంలో పెట్టుకున్నారు. దానికి బదులుగా ఒక కఠినమైన షరతు ఉంది. ఆ ఐఆక్టల్ వాడే యూజర్ వైపు కోడ్ ఓపెన్ సోర్స్ అయి ఉండాలి, అది టెస్టు కోసం రాసిన బొమ్మ ప్రోగ్రామ్ కాకూడదు, దాని అసలు ప్రాజెక్టులో రివ్యూ పూర్తయి సిద్ధంగా ఉండాలి. అప్పుడే కెర్నల్ ప్యాచ్ కలుపుతారు. ఎస్‌ఎస్‌డీల ఎన్‌వీఎంఈలో అయితే స్టాండర్డే కంపెనీలకు జాగా వదిలింది. అడ్మిన్ కమాండ్లలో హెక్సాడెసిమల్ సీ0 నుంచి ఎఫ్ఎఫ్ వరకు ఎవరికి వారివి. కెర్నల్ వాటిని పాస్‌త్రూ ఐఆక్టల్‌తో అందిస్తుంది, అర్థం చెప్పే పని ఎన్‌వీఎంఈ-సీఎల్ఐ టూల్‌లోని కంపెనీ ప్లగిన్లది. రెండు చోట్లా కంపెనీ సొంతం అనేది దాపరికం లేకుండా, హద్దు గీసిన చోట ఉంది.

మీ కాగితంలో చివరికి మిగిలేవి బహుశా ఫ్యాక్టరీ డీబగ్, రిజిస్టర్ చదవడం, లోపలి ట్రేస్, క్యాలిబ్రేషన్ లాంటివి. మీ ఇంజినీర్లు లాబ్‌లో వాడుకునేవి డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో (డీబగ్ కోసమే ఉన్న ఫైళ్ల చోటు) పెట్టండి. అయితే సెక్యూర్ బూట్‌తో లాక్‌డౌన్ (కెర్నల్‌ను రూట్ యూజర్ కూడా మార్చకుండా ఆపే రక్షణ) ఉన్న మెషీన్లలో డీబగ్‌ఎఫ్‌ఎస్ చాలావరకు అందదు. కాబట్టి కస్టమర్ సైట్‌లో కావలసింది అక్కడ పెట్టి ఊరుకుంటే రాత్రి 2 గంటలకు ఫోన్ వస్తుంది.

అలాంటి వాటి కోసమే మేం మొదట్లో చెప్పిన చోటు: ఎఫ్‌డబ్ల్యూసీటీఎల్ సబ్‌సిస్టమ్. కెర్నల్ డెవలపర్ జేసన్ గన్‌థార్ప్ దీన్ని తీసుకొచ్చారు. నెట్‌వర్క్ మెయింటైనర్ యాకుబ్ కిచిన్స్కీ గట్టిగా వ్యతిరేకించారు. యూజర్ ప్రోగ్రామ్ నుంచి నేరుగా ఫర్మ్‌వేర్‌కు గొట్టం ఒకసారి తెరిస్తే కంపెనీలు డెవ్‌లింక్, ఈథ్‌టూల్ వైపు రావడం మానేస్తాయన్నది ఆ వైపు భయం, అది ఊహించుకున్న భయం కాదు. చాలా చర్చ జరిగాక 6.15లో కలిసింది. అది మీ మేనేజర్ గారు అడిగిన గొట్టమే, కాకపోతే దానికి జల్లెడ ఉంది. యూజర్ ప్రోగ్రామ్ ప్రతి కమాండ్‌తో పాటు ఒక స్థాయి చెప్పాలి. స్థాయిలు నాలుగు: సెట్టింగులు, చదివే డీబగ్, రాసే డీబగ్, పూర్తి డీబగ్. మొదటి రెండిటికి ఇబ్బంది లేదు. రాసే డీబగ్ వాడిన క్షణం కెర్నల్‌కు మచ్చ పడుతుంది, టెయింట్ గుర్తుల్లో జే అక్షరం కనిపిస్తుంది. తర్వాత ఆ మెషీన్ క్రాష్ అయితే బగ్ రిపోర్టు చూసేవాళ్లకు సంగతి తెలుస్తుంది. పూర్తి డీబగ్‌కు మచ్చతో పాటు రా ఐఓ (హార్డ్‌వేర్‌ను నేరుగా ముట్టుకోవడం) చేసే ప్రత్యేక హక్కు కూడా ఉండాలి. ప్యాకెట్లు పంపడం, బ్లాకులు రాయడం లాంటి వేరే సబ్‌సిస్టమ్ పనులు ఈ దారిలో చేయకూడదు. సిస్టమ్ మెమరీలో ఇష్టం వచ్చిన చోటికి డీఎంఏ (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా కార్డే మెమరీని చదవడం, రాయడం) చేయించే కమాండ్ అసలే ఉండకూడదు.

ఇందులో మీ ఫర్మ్‌వేర్ టీమ్‌కు పని ఉంది, ముందే చెప్పండి. 'ఈ కమాండ్ చదివేదా, రాసేదా' అని తేల్చాల్సింది ఫర్మ్‌వేరే, లేదా ఆ పట్టిక మీ డ్రైవర్‌లో ఉండాలి. చదివే డీబగ్ స్థాయితో వచ్చిన కమాండ్ చాటుగా ఒక రిజిస్టర్ రాయగలిగితే జల్లెడకు చిల్లు పడ్డట్టే. ఇప్పుడు మీ 40 కమాండ్లలో ఒకే నంబరు కింద చదవడం, రాయడం రెండూ ఉంటే వాటిని ఫర్మ్‌వేర్‌లోనే విడగొట్టండి. చిప్ మార్కెట్లోకి వెళ్లాక ఈ మార్పు చాలా కష్టం. ఇంకో మాట: మీది నెట్‌వర్క్ పని మాత్రమే చేసే కార్డు కాబట్టి 'దీనికి ఎఫ్‌డబ్ల్యూసీటీఎల్ ఎందుకు' అని మిమ్మల్ని మరింత గట్టిగా అడుగుతారు. మిగతావన్నీ వాటి వాటి ఇళ్లకు చేర్చి, ఇక ఇవే మిగిలాయని చూపించగలిగితేనే ఆ తలుపు తట్టండి.

ఎక్కడో ఒకచోట ఐఆక్టల్ స్ట్రక్చర్ రాయక తప్పదనుకుందాం. మీ మేనేజర్ గారి డిజైన్‌లోదే తీసుకోండి: మొదట 32 బిట్ల కమాండ్ నంబరు, తర్వాత 64 బిట్ల బఫర్ అడ్రస్. చూడటానికి 12 బైట్లు. 64 బిట్ మెషీన్ మీద కంపైలర్ అడ్రస్‌ను 8 గుణిజం దగ్గర పెట్టాలని మధ్యలో 4 బైట్ల ఖాళీ వదులుతుంది, మొత్తం 16 అవుతుంది. 32 బిట్ ఎక్స్86లో 64 బిట్ల అంకెకు 4 బైట్ల అమరిక చాలు కాబట్టి అక్కడ 12 గానే ఉంటుంది. ఐఆక్టల్ నంబరులోని 32 బిట్లలో 14 స్ట్రక్చర్ సైజువే. సైజు మారిందంటే నంబరే మారిపోయింది. 32 బిట్ ప్రోగ్రామ్ పిలిస్తే మీ డ్రైవర్ ఆ నంబరును గుర్తుపట్టక 'ఈనాట్‌టీటీవై' ఎర్రర్ ఇస్తుంది. 32 బిట్ ఆర్మ్ బోర్డు మీద టెస్టు చేసి తృప్తిపడకండి. అక్కడ అమరిక 8 బైట్లే కాబట్టి తప్పు బయటపడదు.

ఆ 4 బైట్ల ఖాళీతో ఇంకో రెండు ప్రమాదాలున్నాయి. జవాబు ఇచ్చేటప్పుడు స్ట్రక్చర్‌ను స్టాక్ మీద పెట్టుకుని, ఫీల్డులు ఒక్కొక్కటీ నింపి యూజర్‌కు కాపీ చేస్తే, ఖాళీలో అంతకుముందు స్టాక్‌లో ఉన్నదేదో బయటికి పోతుంది. కెర్నల్ అడ్రస్‌లు లీకయ్యే పాత దారుల్లో ఇదొకటి. అందుకని ఖాళీకి పేరు పెట్టండి: 'ఫ్లాగ్స్' అని 32 బిట్ల ఫీల్డు. పెట్టి వదిలేయడం కాదు, ఈ రోజు అందులో సున్నా తప్ప ఏది వచ్చినా 'ఈఇన్‌వాల్' ఎర్రర్ ఇవ్వండి. ఆ చెక్ మరిచిపోతే ఏవో ప్రోగ్రాములు చెత్త విలువలతో పిలుస్తూ నడిచిపోతాయి. రేపు మీరు ఒక బిట్‌కు అర్థం ఇచ్చిన రోజున అవి చెడతాయి, మీ ప్యాచ్ వెనక్కి పోతుంది. అడ్రస్‌ను పాయింటర్‌గా కాకుండా 64 బిట్ల అంకెగానే ఉంచండి. స్ట్రక్చర్ పెరిగే అవకాశం ఉంటే సైజును ఒక ఫీల్డుగా తీసుకుని 'కాపీ స్ట్రక్ట్ ఫ్రమ్ యూజర్' ఫంక్షన్ వాడండి, 5.4 నుంచి ఉంది. పాత ప్రోగ్రామ్ చిన్న స్ట్రక్చర్ ఇస్తే మిగతాది సున్నాలతో నింపుతుంది. కొత్త ప్రోగ్రామ్ పాత కెర్నల్‌కు పెద్దది ఇచ్చి, అదనపు భాగంలో సున్నా కానిది ఏదైనా ఉంటే 'ఈటూబిగ్' ఎర్రర్ ఇస్తుంది. రాసింది సరిగ్గా ఉందో లేదో 'పాహోల్' టూల్‌తో చూడండి, ఖాళీలన్నీ చూపిస్తుంది.

ఇంతకంటే పెద్ద తప్పు టైమ్ అవుట్ దగ్గర జరుగుతుంది. ఫర్మ్‌వేర్ 5 సెకన్లలో జవాబివ్వలేదనుకోండి. డ్రైవర్ విసిగి ఎర్రర్ ఇచ్చి బఫర్‌ను ఫ్రీ చేస్తుంది. ఆరో సెకనులో ఫర్మ్‌వేర్ నిద్రలేచి అదే అడ్రస్‌కు డీఎంఏతో జవాబు రాస్తుంది. అప్పటికి ఆ పేజీ ఇంకెవరిదో. ఐఓఎంఎంయూ (డీఎంఏ అడ్రస్‌లకు కాపలా కాసే హార్డ్‌వేర్) ఉండి మ్యాపింగ్ తీసేసి ఉంటే ఫాల్ట్ వస్తుంది, లేకపోతే ఎక్కడో సంబంధం లేని చోట మెమరీ చెడి, కారణం ఎవరికీ దొరకదు. కమాండ్ రద్దయిందని ఫర్మ్‌వేర్ చెప్పేదాకా, లేదా కార్డును రీసెట్ చేసేదాకా ఆ బఫర్‌ను ఫ్రీ చేయకండి. యూజర్ మధ్యలో ప్రోగ్రామ్‌ను చంపినప్పుడు కూడా ఇదే నియమం. ఫైలు తెరిచి ఉండగా కార్డును పీకేస్తే ఏమవుతుందో కూడా టెస్టు చేయండి. తెరిచిన ఫైళ్లు ఉండగా డివైస్ పోయిన సందర్భాన్ని ఎఫ్‌డబ్ల్యూసీటీఎల్ కోర్ తానే చూసుకుంటుంది. సొంత క్యారెక్టర్ డివైస్ రాస్తే అదంతా మీ తలనొప్పి.

భద్రత సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. 2012 డిసెంబరులో శామ్‌సంగ్ ఎక్సినోస్ ఫోన్లలో బయటపడిన లోపం ఇలాంటి కంపెనీ సొంత డివైస్ ఫైలు వల్లే. 'ఎక్సినోస్-మెమ్' అనే ఆ ఫైలును ఏ యాప్ అయినా తెరవగలిగేలా వదిలేశారు. దాని ద్వారా ఫోన్ ఫిజికల్ మెమరీ మొత్తం అందేది, గెలాక్సీ ఎస్3, నోట్ 2 లాంటి ఫోన్లలో ఏ యాప్ అయినా రూట్ (పూర్తి అధికారం ఉన్న యూజర్) అయిపోగలిగేది. మీ ఫైలు రూట్‌కు మాత్రమే ఉండాలి. తెరిచేటప్పుడే కాదు, ప్రమాదకరమైన ప్రతి కమాండ్ దగ్గరా హక్కు చూడాలి. తెరిచిన ఫైలును ఒక ప్రాసెస్ నుంచి ఇంకో ప్రాసెస్‌కు పంపుకోవచ్చని మరిచిపోవద్దు.

రెండు నెలల గడువుకు మా సలహా ఇది. కస్టమర్‌కు డివైస్ ఫైలు, ఐఆక్టల్ నంబరు డాక్యుమెంట్ చేసి ఇవ్వకండి. ఒక చిన్న లైబ్రరీ, దాని మీద కమాండ్‌లైన్ టూల్ ఇవ్వండి, రెండూ ఓపెన్ సోర్స్‌గా. కింద ఏముందో లైబ్రరీకే తెలియాలి. ఈ రోజు అది బయటి మాడ్యూల్ (ఇంకా మెయిన్‌లైన్‌లో లేని మీ డ్రైవర్) ఐఆక్టల్‌ను పిలుస్తుంది, రేపు డెవ్‌లింక్, హెచ్‌డబ్ల్యూమాన్, ఎఫ్‌డబ్ల్యూసీటీఎల్ పిలుస్తుంది, కస్టమర్ స్క్రిప్టు మారదు. మేనేజర్ గారికి గడువు దక్కుతుంది, సీనియర్‌కు మెయిన్‌లైన్ దారి తెరిచి ఉంటుంది. బయటి మాడ్యూల్‌ను డీకేఎంఎస్‌తో (కెర్నల్ మారినప్పుడల్లా మాడ్యూల్‌ను మళ్లీ కంపైల్ చేసే టూల్) ఇస్తే కెర్నల్‌కు టెయింట్ పడుతుందని, సెక్యూర్ బూట్ ఉన్నచోట మాడ్యూల్‌ను సైన్ చేసి కీ నమోదు చేయాలని కస్టమర్‌కు ఇన్‌స్టలేషన్ పేజీలోనే చెప్పండి.

ప్యాచ్‌లు పంపే వరస కూడా ముఖ్యం. మొదటి సిరీస్‌లో ప్యాకెట్లు నడిపే డ్రైవర్ మాత్రమే, సొంత ఇంటర్‌ఫేస్ ఒక్కటీ వద్దు. తర్వాత ఈథ్‌టూల్, డెవ్‌లింక్, హెచ్‌డబ్ల్యూమాన్. ఎఫ్‌డబ్ల్యూసీటీఎల్ అన్నిటికంటే చివర, వేరే సిరీస్‌గా. అన్నీ ఒకే మూటలో కడితే చివరి ప్యాచ్ మీద జరిగే వాదనలో మొదటి ప్యాచ్ కూడా ఆగిపోతుంది. యూజర్‌కు కనిపించే హెడర్ ఏదైనా ఉంటే దాని లైసెన్స్ వాక్యంలో జీపీఎల్ 2 పక్కన సిస్కాల్ నోట్ మినహాయింపు ఉండాలి, అది లేకపోతే హెడర్‌ను వాడుకునే ప్రోగ్రాములకు లైసెన్స్ చిక్కు వస్తుంది. కెర్నల్ విడుదలకూ విడుదలకూ మధ్య 9, 10 వారాలుంటాయి. అందులో మొదటి రెండు వారాలు మెర్జ్ విండో (కొత్త మార్పులను మెయిన్‌లైన్‌లో కలిపే సమయం), ఆ రోజుల్లో నెట్-నెక్స్ట్ (కొత్త నెట్‌వర్క్ ప్యాచ్‌లు చేరే కెర్నల్ శాఖ) కొత్త ప్యాచ్‌లు తీసుకోదు. మీ మొదటి సిరీస్‌ను విండో మూసిన వారంలోనే పంపగలిగేలా ఈ రోజు నుంచి వెనక్కి లెక్కేసుకోండి.